ఈ ఇంట్లోంచి ఎవరినీ కదపరాదు

నా భార్య భ్రమరాంబ ఈ నెల ఆరో తారీఖు మంగళవారం మధ్యాహ్నం చనిపోయింది. ఎలా చనిపోయిందో ముందు రాస్తాను. ఈ వీలునామాకి కారణం అదే.

ఆ పొద్దున్న ఆమెకి ఆయాసం ఎక్కువైంది. గుండె జబ్బు. మనిషిని కదపకూడదని, తల ఎత్తులో ఉంచాలని డాక్టరు సరోజిని గారు అంతకుముందే చెప్పి ఉన్నారు. తూర్పు గదిలో పందిరి మంచం మీద దిండ్లకి ఆనించి పడుకోబెట్టాను. బయట ముసురు. ఫోను చేద్దామని పక్కింటి ప్లీడరు బంగార్రాజు గారి దగ్గరికి వెళ్ళాను. వీధి మొత్తానికి ఫోను వారికే ఉంది. లైను చెడిందన్నారు. గుడివాడ నుంచి చూడ్డానికి వచ్చిన మా అన్న వెంకట్రామయ్యని, అతని కొడుకు చిన్నారావుని ఆమె దగ్గర ఉంచి, రిక్షాలో డాక్టరు గారి కోసం వెళ్ళాను.

తిరిగి వచ్చేసరికి పందిరి మంచం ఖాళీగా ఉంది. ఆమె పెరట్లో ఉంది. పూర్వం దొరలు గుర్రాలు కట్టుకున్న సాలలో, నులక మంచం మీద. పైన పెంకులు కారుతున్నాయి. వెనక వీధి జైతూన్ బీ ఆమె మొహం మీద నీళ్ళు పడకుండా చేట అడ్డం పట్టుకుని నిలబడి ఉంది. "ఎవరు కదిపారు?" అని డాక్టరు గారు అడిగారు. ఆవిడ నాడి చూశారు. మళ్ళీ అడగలేదు.

ఆ రోజు శతభిషా నక్షత్రం. ధనిష్ఠా పంచకంలో మనిషి ఇంట్లో పోతే ఆరు నెలలు ఆ ఇల్లు మూసిపెట్టాలంటారు. బయట పోతే ఇంటికి దోషం లేదంటారు. నేను వీధి మలుపు తిరగ్గానే బంగార్రాజు గారు గొడుగు వేసుకుని, పంచాంగం పట్టుకుని మా గేటు దగ్గరికి వచ్చారు. మా అన్నతో చెప్పారు. తండ్రీ కొడుకులు ఆమెని మోసుకెళ్ళారు. పెరటి గుమ్మం దగ్గర ఆమె ద్వారబంధం పట్టుకుంది. ఆ వేళ్ళు ఒక్కోటీ విడదీసింది మా అన్న. "ఏమయ్యా, ఊపిరాడని మనిషిని వానలో పెడతారా? మీరు తల్లి కడుపున పుట్టలేదా?" అని జైతూన్ బీ అరిచిందట. ఈ సంగతి చెప్పింది ఆమే. మా అన్న కాదనలేదు. "అడిగే తీశాం రా, తలూపింది" అన్నాడు. తర్వాత నా భుజం మీద చెయ్యి వేసి, "ఏడవకురా తమ్ముడూ, పుణ్యాత్మురాలు, ఇల్లు దక్కించి పోయింది" అన్నాడు.

నేను ఏడవడం లేదు అప్పుడు.

ఆ సాయంత్రం బంగార్రాజు గారింట్లో ఫోను మోగింది. మా వరండాలోకి స్పష్టంగా వినిపించింది.

ఇక నా విషయం. ఊటుకూరి నాంచారయ్య అనే నేను, పుట్టింది పెడనలో, చదివింది మద్రాసు గిండీ కాలేజీలో, కాలవల శాఖలో ఓవర్సీయరుగా పనిచేసి రిటైరై, ప్రస్తుతం బందరు పరాసుపేటలో కాపురం ఉంటూ, ఈ వీలునామా నా చేత్తో నేనే రాస్తున్నాను. భార్య పోయిన దుఃఖంలో మతి చలించి రాశాడని రేపు ఎవరైనా కోర్టులో అనవచ్చు. చలించలేదు. డాక్టరు గారి సర్టిఫికెట్టు జత చేశాను. కోపంగా ఉన్నాను. కోపం వచ్చిన మనిషి చేసిన సంతకం చెల్లదని ఏ చట్టంలోనూ లేదు.

మాకు పిల్లలు లేరు. కింద చెప్పిన ఇల్లు భ్రమరాంబ పేరున కొన్నది. ఆమె తదనంతరం చట్టరీత్యా నాకు సంక్రమించింది. మిగతావి నా స్వార్జితం. పెడనలో మా నాన్న ఇంట్లో నా వాటా ఎప్పుడో మా అన్నకి రాసిచ్చేశాను. అందులో పేచీ లేదు.

1. నా అన్న వెంకట్రామయ్యకి, అతని కొడుకు చిన్నారావుకి నా స్థిరాస్తిలో గానీ చరాస్తిలో గానీ ఎటువంటి హక్కూ లేదు. మరిచిపోయి వదిలెయ్యలేదు, తెలిసే వదిలేశాను. ఇల్లు చిన్నారావుకి వస్తుందని వాళ్ళు అనుకుంటూ ఉన్న మాట నాకు తెలుసు. భ్రమరాంబకీ తెలుసు. "వాడికే ఇద్దాంలెండి, పిల్లాడికి గాలీ వెలుతురూ ఉన్న ఇల్లు" అనేది. ఆ పిల్లాడు ఆమె కాళ్ళ వైపు పట్టుకుని మోశాడు. మా అన్నకి నేనిచ్చేది ఒకటే వస్తువు: గుర్రపుసాలలోని నులక మంచం. నా తదనంతరం దాన్ని గుడివాడకి రైల్లో వేసి ఆయన ఇంటికి చేర్చాలి. ఖర్చు నా ఆస్తిలోంచి. ఆయన పుచ్చుకోకపోతే గుమ్మంలో దింపి రావాలి.

2. ప్లీడరు బంగార్రాజు గారికి, వారు జీవించి ఉన్నంత కాలం, ప్రతి ఉగాదికీ ఒక కొత్త పంచాంగం నా ఆస్తిలోంచి కొని ఇవ్వవలెను. గేటు దగ్గరే ఇవ్వాలి. వారి ఇల్లు బేరం మీద ఉంది. పక్కిల్లు ఆరు నెలలు తాళం వేసి ఉంటే కొనేవాళ్ళు జంకుతారని ఆయన భయం. ఆ బేరం చెడలేదు. మేం పదో రోజు కర్మ చేస్తూ ఉంటే కొనేవాళ్ళు వచ్చి బయానా ఇచ్చి వెళ్ళారు. వాళ్ళు మూడో క్లాజు చదవడం మంచిది.

3. ఇల్లు. పరాసుపేట దొరల వీధిలో, తూర్పున బంగార్రాజు గారి ప్రహరీ, పడమర సందు, దక్షిణం వీధి, ఉత్తరం జైతూన్ బీ గారి గోడ హద్దులుగా గల పక్కా ఇల్లు, పెరడు, బావి, గుర్రపుసాల సహా.

ఇది ఎలా వచ్చిందో అందరూ మరిచిపోయారు కనక రాస్తున్నాను. నా ఉద్యోగం పొడుగునా మేం లాకుల పక్క క్వార్టర్లలో బతికాం. అవనిగడ్డ, మోపిదేవి, నందివాడ. ఎక్కడ ఉన్నా కాలవ చెమ్మ గోడల్లో ఛాతీ ఎత్తు దాకా ఎక్కేది. ఉప్పు డబ్బాలో నీళ్ళు, దిండు గలీబులో బూజు. భ్రమరాంబ దగ్గు అక్కడే మొదలైంది. 1953లో ఈ ఇల్లు అమ్మకానికి ఉందని విని చూడ్డానికి వచ్చాం. ఎత్తైన అరుగులు, రెండు మూరల మందం సున్నపు గోడలు, బర్మా టేకు తలుపులు. ఉప్పెన వచ్చినప్పుడు కూడా నిలబడ్డ ఇల్లు. వీధి అంతా ప్లీడర్లు, డాక్టర్లు, జమీందార్ల బంధువులు. బంగార్రాజు గారు వరండాలోంచి "ఓవర్సీయరు గారా? ఏమండీ, అద్దెకా?" అని అడిగారు. నేను జవాబు వెతుక్కునే లోపే భ్రమరాంబ అంది: "అమ్ముతారని విని వచ్చామండీ. మీరేమన్నా అద్దెకిస్తున్నారా?"

ఆ మాటకి వీధి మమ్మల్ని క్షమించలేదు. మర్నాటి నుంచి దళారీ మాకు కనపడ్డం మానేశాడు. ఈ వీధికి తగినవాళ్ళకే అమ్మాలని పెద్దమనుషులు అతనితో చెప్పారని తర్వాత తెలిసింది. ఇల్లు గలావిడ, కట్టించిన దొర మనవరాలు, మద్రాసులో ఉండేది. భ్రమరాంబ నన్ను వెంటపెట్టుకుని రైలెక్కింది. ఆ ముసలావిడ ఇంగ్లీషులో అడిగింది, నేను తెలుగులో చెప్పాను: అంత పెద్ద ఇంట్లో నువ్వేం చేస్తావు? "పడుకుంటానండీ. పొడిగా పడుకుంటాను" అంది భ్రమరాంబ. నేను ఇంగ్లీషులో చెప్పేలోపే, నా భార్య మొహం చూసి ఆవిడ నవ్వింది. ఆ వారంలోనే అగ్రిమెంటు పంపింది. పుస్తెలు తప్ప ఒంటి మీద బంగారమంతా దీనికి పోయింది.

మొదటి శ్రావణమాసంలో వీధిలో ఒక్క ఇల్లూ ఆమెని పేరంటానికి పిలవలేదు. ఆమె మాత్రం గడప గడపకీ వెళ్ళి అందరినీ పిలిచింది. ఎవరూ రాలేదు. నానబెట్టిన శనగలు గంగాళం నిండా మిగిలాయి. వాటిని గోడ మీదుగా జైతూన్ బీకి అందించింది. తొమ్మిదేళ్ళు ఈ వీధిలో ఆమె అలా ఉంది. తలెత్తుకునే ఉంది.

అందుచేత సదరు ఇంటిని నా తదనంతరం, దివిసీమ నుంచి, చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వైద్యానికి బందరు వచ్చే రోగులకి, వాళ్ళ వెంట ఉండేవాళ్ళకి ఉచిత వసతిగా ఏర్పాటు చేస్తున్నాను. ఏ కులమైనా, ఏ మతమైనా సరే. నందివాడలోని నా మాగాణి మీద వచ్చే అయివేజు మరమ్మతులకి, దీపాలకి, వంటవారి జీతానికి వాడాలి. షరతులు ఇవి. ఏ రోగినీ తిథి, వారం, నక్షత్రం చూసి ఈ ఇంట్లోంచి కదపరాదు. ప్రాణం పోయేదాకా మనిషి కప్పు కింద, పొడి పక్క మీద ఉండాలి. ఈ ఇంట్లో ఎవరు ఏ ఘడియలో పోయినా ఇల్లు ఒక్క రోజు కూడా మూయరాదు. గది కడిగి, సున్నం వేసి, తర్వాత వచ్చిన రోగికి ఇవ్వాలి. గుర్రపుసాలని పడగొట్టాలి. వీధి పెద్దలు ఈ ఇల్లు కొంటామని మంచి ధరతో వస్తారు. తప్పక వస్తారు. అమ్మే అధికారం ఎవరికీ లేదు.

4. జైతూన్ బీ గారికి ఉత్తరం గోడ వారన ఉన్న మునగచెట్టు. ఆ చెట్టు గురించి ఆమే, భ్రమరాంబా తొమ్మిదేళ్ళు పోట్లాడుకున్నారు. "కొమ్మ మా గోడ దాటింది, కాయ మాది" అని ఆమె. "అలాగే బీబీ, గొంగళిపురుగులు కూడా మీవే, అవీ తీసుకెళ్ళండి" అని ఈమె. ఇక మీదట కాయలూ, ఆకూ, పురుగులూ అన్నీ జైతూన్ బీవే. మా బావిలో నీళ్ళు తోడుకునే హక్కు ఆమెకీ, ఆమె తర్వాత ఆమె పిల్లలకీ. భ్రమరాంబ ఉన్ని శాలువా కూడా ఆమెకే. ఇది నేను బతికి ఉండగానే ఇస్తాను, చలికాలం వస్తోంది.

5. పెడన అద్దకం దుప్పటి ఒకటి బీరువాలో ఉంది. మా పెళ్ళినాటిది. దాన్ని ఎవరికీ ఇవ్వను. నా మీద కప్పాలి.

6. నాకు కర్మ చేసే అర్హత మా అన్నకి గానీ, అతని కొడుక్కి గానీ లేదు. డాక్టరు గారు ఎవరికి చెబితే వాళ్ళు నిప్పు పెడతారు. నేను ఏ నక్షత్రంలో పోయానో ఎవరూ చూడవద్దు.

7. ఈ వీలునామా అమలు జరపడానికి డాక్టరు సరోజిని గారిని ఎగ్జిక్యూటరుగా నియమిస్తున్నాను. ఆమె తర్వాత ఆమె చెప్పినవారు. ఇంతకుముందు చిన్నారావు పేరు పెట్టి రాసిన వీలునామా రద్దు.

మూడో క్లాజుకి నేను పోయేదాకా ఆగనక్కర్లేదు. ఈ సాయంత్రం సర్టిఫికెట్టు ఇవ్వడానికి వచ్చి డాక్టరు గారు ఒక మాట చెప్పారు. నాగాయలంక అవతలి లంక నుంచి నాగరత్నం అనే ఆవిడని పడవలో తెచ్చారట. వైద్యానికి లొంగే దశ దాటింది. మళ్ళీ పడవ ప్రయాణం తట్టుకోలేదు. ప్రాణం మీదికొచ్చిన మనిషిని ఉంచుకోవడం కుదరదని సత్రంవాళ్ళు పంపేశారు. ఈ రాత్రికి డాక్టరు గారి డిస్పెన్సరీలో బల్ల మీద పడుకోబెట్టారు.

రేపు పొద్దున్న తూర్పు గదిలో పందిరి మంచం మీద ఉతికిన దుప్పటి పరిచి, రిక్షా తీసుకుని వెళ్ళి ఆమెని వెంటపెట్టుకొస్తాను. వీధి వాకిట్లోంచే, బంగార్రాజు గారి ముందు నుంచే లోపలికి తీసుకొస్తాను. ఆమె పడుకున్నాక ఈ కాగితం రిజిస్ట్రీకి తీసుకెళ్తాను.

బందరు, 1962 నవంబరు 18, ఆదివారం.

(సంతకం) ఊటుకూరి నాంచారయ్య

రాసినవారు మా ఎదుట సంతకం చేయగా చూసి, వారి ఎదుట మేమూ సంతకం చేసిన సాక్షులు:
మత్తయి, కాంపౌండరు, బందరు
పీర్ సాహెబ్, రిటైర్డు లాకు లస్కరు, అవనిగడ్డ