పొయ్యిరాయి ముక్క

నాయనా లూకాస్,

నువ్వు బ్యూనస్ ఐరిస్ నుంచి పంపిన ఫొటో అందింది. మా ఊరి పాడుబడ్డ ఇంట్లోంచి పొయ్యిరాయి ముక్క పెకలించుకుపోయి, నీ హాల్లో గోడకు పెట్టించి, కింద ‘మా ముత్తవ్వ హొనోరా గైనర్ వెలిగించిన పొయ్యి’ అని రాయించావు. చూసి నాకు ఒళ్లు మండిపోయింది.

నువ్వొచ్చిన ఆదివారం నేను చర్చిలో ఉన్నాను. గైనర్ల ఇల్లు ఏదని నువ్వు పబ్బులో ఫెర్గల్‌ని అడిగావట. వాణ్ణి నిలదీశాను.

“పాపం, సముద్రాలు దాటొచ్చాడు. చూడ్డానికేమీ లేదని ఏ నోటితో చెప్పమంటావక్కా? గోడలు మిగిలిందదొక్కటే, అదే చూపించా” అన్నాడు.

మా ఊరి మర్యాద ఇలా ఏడుస్తుంది. వచ్చినవాడి మొహం చిన్నబోకూడదు, నిజం ఏమైపోయినా ఫర్వాలేదు.

నన్నొక్క మాట అడగాల్సింది కదయ్యా. వాడు చూపించింది ఈ భూములేలిన దొరగారి గుమాస్తా ఇల్లు. పశువుల మేతకు నేల కావాలని హొనోరాను చంటిబిడ్డతో సహా వానలోకి గెంటి, ఇంటిని నేలమట్టం చేయించినవాడు వాడే. ఆ తర్వాతే ఆమె ఓడెక్కింది. ఆ గోడలు కనిపించినప్పుడల్లా మా నాయనమ్మ ఉమ్మేసేది. నువ్వేమో వాడి పొయ్యికి దణ్ణం పెడుతున్నావు.

ముందు ఆ రాయి గోడలోంచి తీయించు.

మన ఇల్లెక్కడని అడుగుతావేమో. ఆ గుమాస్తా ఇంటిని ఫొటో తీయడానికి వెనక్కి జరుగుతూ దురదగొండి పొదలోకి దిగి, కాళ్లు మండుతున్నాయని తిట్టుకున్నావట. ఇక్కడ మనుషులు కాపురమున్న చోటే, బూడిదా పేడా పడి బలిసిన నేలలోనే, ఆ మొక్క అంత దట్టంగా మొలుస్తుంది. నువ్వు బూట్లతో తొక్కింది మన గడపనే.

ఇక్కడే ఉండిపోయిన
మీ అత్త