నీళ్లలో నానమ్మ శాలువా

అత్తయ్యకు నమస్కారాలు.

మోకాళ్ల నొప్పి తగ్గిందా? వచ్చే నెల ఇక్కడి గ్యాలరీలో నా బొమ్మల ప్రదర్శన. గుడ్డ, కాగితం, రాగి తీగ, బురద అన్నీ కలిపి అతికించి, వాటి మీద నీళ్లు పారిస్తాను. నీరంటే జ్ఞాపకం, జ్ఞాపకమంటే పూర్వీకులు. అందుకే నానమ్మ శాలువా కావాలి. నానబెడితే ఆవిడ ఆత్మ పైకి తేలుతుందని నా నమ్మకం.

నీ మేనకోడలు

తా.క.: ఉతక్కు. ఆవిడ వాసన ఉండాలి.

*

రంగులపిల్లకి ఆశీస్సులు.

నీ ఉత్తరం చదివి మీ మామయ్యా నేనూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. వేళకి తింటున్నావా? మా అమ్మ ఆ శాలువా మీద చినుకు పడనిచ్చేది కాదు, పడితే ఆకాశాన్ని తిట్టేది. నువ్వేమో నానబెడతానంటున్నావు! కాదంటే మూతి ముడుస్తావు. పార్సిల్ పంపాను. ఉతకలేదు.

ఇట్లు,
అత్తయ్య

తా.క.: ఆత్మ తేలితే, బీరువా తాళంచెవి ఎక్కడ పెట్టిందో అడుగు. ఇప్పటికీ స్క్రూడ్రైవర్‌తోనే తెరుస్తున్నాం.

*

అత్తయ్యా,

పార్సిల్ విప్పగానే ఆ వాసనకి నానమ్మే వచ్చి ఎదురుగా కూర్చున్నట్టయి భోరుమన్నాను. గ్యాలరీ మేడమ్ కూడా శాలువాలో ముఖం దాచుకుని వాళ్లమ్మని తలుచుకుని ఏడ్చింది. తర్వాత తొట్టిలో నానబెట్టి, రంగు పట్టే మందు గరిటెడు వెయ్యాల్సింది సీసా అంతా వంపేశాను. పొద్దున చేతికొచ్చింది శాలువా కాదు, పీచు. నానమ్మ గుర్తుగా మనకి మిగిలింది అదొక్కటే. నీ ముఖం ఎలా చూడను? ప్రదర్శన మానుకుంటున్నాను.

నీ పాపిష్టి మేనకోడలు

తా.క.: తాళంచెవి సంగతి తెలియలేదు.

*

పిచ్చితల్లీ,

కళ్లు తుడుచుకో. కొంపేమీ మునగలేదు. ప్రదర్శన లేదని మేడమ్‌కి చెప్పేసి ఉంటే, మళ్లీ వెళ్లి ఉందని చెప్పు.

నీ తొట్టిలో కరిగింది అమ్మ శాలువా కాదు. అది ఇక్కడే, నా దిండు పక్కనే ఉంది. పంపుదామని మడత కూడా పెట్టాను, మనసొప్పలేదు. జ్వరమొస్తే అది కప్పుకుంటే గాని నాకు నిద్ర పట్టదు. నీకు లేదనడానికి నోరూ రాలేదు. అందుకని అదే రంగులో ఉన్న, మన కుక్క పడుకునే శాలువా పంపాను.

నీ ఉత్తరం చదివి ముందు నవ్వాను. మా అమ్మ కోసం ఏడ్చేవాళ్లు ఇంకొకరున్నారని తర్వాత ఏడుపొచ్చింది. ప్రదర్శనకి అమ్మ శాలువా కప్పుకునే వస్తాను. పక్కన కూర్చుని ఎంతసేపైనా వాసన చూసుకో. తొట్టి దగ్గరికి మాత్రం రాను.

అత్తయ్య

తా.క.: కుక్క సంగతి మేడమ్‌కి చెప్పకు. పాపం, వాళ్లమ్మ ఏమనుకుంటుంది!