పిడికెడు బియ్యం యాడికి పోతాండాయి?

అవ్వా,

మన ఆళ్లగడ్డ చర్చిలో ఆదివారం ముసలోళ్లకు పెట్టే అన్నం ఆపేసినాడు సంఘపెద్ద దానియేలు. నువ్వు పోయి ఇంకా ఏడాది కాలేదు. నీ జతగత్తె మరియమ్మ మొన్న ఉత్త కడుపుతోనే ఇంటికి నడిచిపోయింది.

ఎసరు పెట్టినప్పుడల్లా దేవునికని పిడికెడు బియ్యం ఎత్తిపెడతా ఉంటివి. వేళ్లు ముడుచుకోక సగం జారిపోతే మళ్లీ ఎత్తేదానివి. ఇప్పుడు అమ్మ ఎత్తిపెడతాంది. ఇంటింటి బియ్యమూ చర్చి డ్రమ్ములోకే చేరతాండాయి, ఆదివారం అన్నం వండేది వాటితోనే గదా. ఆ డ్రమ్ముకు దానియేలు కొత్తగా తాళం వేసినాడు. నేను కళ్లారా చూసిందేం లేదు గానీ, ఆయనింటి కోళ్లు మాత్రం బాగా బలిసినాయి.

"అన్నం యాడన్నా?" అని అడిగితే, "గ్రీకు రానోనివి, నీకేం తెల్సురా? వాక్యంలో ఆహారమంటే ఆత్మకు సంబంధించింది" అన్నాడు.

ఆయన మాట నేను నమ్ముతానా? నంద్యాలకు పోయి బైబిలు మాటలకు అర్థాలు చెప్పే కరపత్రాలు తెచ్చుకున్నా. ఒకదాన్ని నమ్మలేక ఇంకోటి గూడా చదివినా. బైబిల్లో ఆహారానికి వాడిన గ్రీకు మాట త్రోఫే. ఒంటిని నిలబెట్టే తిండి అని అర్థమంట. అడివిలో యోహాను తిన్న మిడతలకూ, తేనెకూ అదే మాట వాడినారు.

"మిడతలు గూడా ఆత్మకు సంబంధించినవేనా అన్నా?" అని అందరి ముందర అడిగినా. ముసలోళ్లు పకపకా నగినారు.

"మీ అవ్వ ఉండింటే నీ చెంప పగలగొట్టేది" అన్నాడు.

కొట్టేదానివే. కానీ ముందు మరియమ్మకు అన్నం పెట్టేదానివి.

ఈ ఆదివారం పన్నెండు గంటలకు అందరినీ అన్నం తట్టలు తీసుకొని డ్రమ్ము కాడికి రమ్మన్నా. నీ తట్ట నేను పట్టుకొస్తా.