తన్మయి ఒక్కతే చెప్పిన ఆరు వాక్యాలు

సెరంగూన్, సింగపూర్

అనసూయక్కయ్యా,

మేం బాగున్నాం. మా తన్మయి నత్తి గురించి నువ్వు దిగులుపడవద్దని ఈ ముక్క రాస్తున్నాను.

దాని స్కూల్లో ప్రాచీన గ్రీకు నాటకం వేస్తున్నారు. అందులో కోరస్ అని పదిహేను మంది మాస్కులు పెట్టుకుని ఆర్కెస్ట్రాలో నిలబడి ఒకే గొంతుతో పలుకుతారు. ఆర్కెస్ట్రా అంటే వాద్యబృందం కాదట, వేదిక ముందుండే గుండ్రటి నేలట. అందరితో కలిసి పలికితే దీనికి నత్తే రాదు. శనివారం రిహార్సల్‌కి కోరస్ నాయకురాలు జ్వరంతో రాలేదు. ఆ అమ్మాయి ఒక్కతే చెప్పాల్సిన ఆరు వాక్యాలు టీచరు తన్మయిని చెప్పమన్నారు. మొదటి మాటకే ఆగిపోయింది. దాన్ని తీసుకెళ్ళడానికి వచ్చిన నేను గుమ్మం దగ్గర నుంచి చూస్తున్నాను. కాసేపటికి ఆరూ చెప్పేసింది.

"మాస్కు వల్ల ధైర్యం వచ్చిందా?" అని అడిగాను.

"నో లా, అమ్మా. అందరూ వెయిట్ చేశారు, అంతే" అంది, ఇక్కడి పిల్లల్లాగే మాట చివర "లా" తగిలించి.

ఇన్నేళ్ళూ దాని మాట నేనే పూర్తిచేస్తూ వచ్చాను, అక్కయ్యా.

నత్తి పోవడానికని ఇక వసకొమ్ము పంపకు. బావగారి కంటి ఆపరేషన్ ఎప్పటికి ఖాయమైంది? కందిపొడి మాత్రం ఎవరైనా వస్తుంటే ఇచ్చి పంపు. ఆదివారం తన్మయి నీకు ఫోన్ చేస్తుంది. మధ్యలో ఆగితే నువ్వు మాట అందించకు. అదే చెబుతుంది.

బావగారికి నమస్కారాలు.

నీ చెల్లెలు
అరుంధతి