డాబా మీద పట్టిన గొంతు

ఏప్రిల్ 6, సోమవారం
ఆరు పాటలు అయ్యాయి. ఏడోది అవడం లేదు. దరువు ఉంది, పియానో ఉంది, గొంతు లేదు. హౌస్ అనే ఈ డాన్సు సంగీతంలో నాలుగు దెబ్బలూ సమానం, మొదటి నుంచి చివరి దాకా అంతే. దాని మీద మనిషి గొంతు పడితేనే పాట. లేకపోతే మా ఎదురు సైటులో పునాది మిషను. నా మొదటి ఆల్బమ్. ఇరవై నాలుగున విడుదల అని కాలేజీలో అందరికీ చెప్పేశాను. ఎందుకు చెప్పాను...

ఏప్రిల్ 7
'సోల్‌ఫుల్' అనే మాటకు తెలుగు ఏంటని తెలుగు సార్‌ని అడిగాను. ఆయన "ఆర్ద్రం అనొచ్చు. అంటే తడిసినది" అన్నారు. రోజంతా నోట్లోనే నానింది ఆ మాట. ఇంటికొచ్చి నా ఆరు పాటలూ మళ్లీ విన్నాను. పొడిగా ఉన్నాయి.

ఏప్రిల్ 8, బుధవారం
దొరికింది.
రాజవ్వ అత్తమ్మకు ఇవాళ సెలవు. నాయిన అక్క. హైటెక్ సిటీలో ఒక టవర్‌లో తొమ్మిదో అంతస్తు ఊడ్చి తుడుస్తుంది. మా డాబా మీద మిరపకాయలు ఎండబోస్తూ, ఎవరూ లేరనుకుని పాడుతోంది. "సల్ల దాగకుండ వోతివి... గింత ఎండల యాడికి వోతివి..." మెట్ల మీదే ఆగిపోయాను. ఫోను తీసి రికార్డు నొక్కాను. నాలుగు నిమిషాలు. మధ్యలో క్రేన్ చప్పుడు పడింది. ఉంచేస్తా.
ఎవరి కోసమో ఎదురుచూసే పాటేమో. తర్వాత అడగాలి.

ఏప్రిల్ 12
"సల్ల దాగకుండ". మజ్జిగ తాగకుండా అని. అంతవరకే కత్తిరించి దరువు మీద తిప్పాను. ముప్పై రెండు సార్లు. ప్రతిసారీ కొత్తగా ఉంది.
స్వప్న కవర్ బొమ్మ తెచ్చింది. నా క్లాసే, కడప పిల్ల, అప్‌లోడు పనులన్నీ తనవే. విని చెయ్యి చూపించింది, రోమాలు లేచాయి. "ఏందిమే ఇది... ఆల్బమ్‌కి దీని పేరే పెట్టు."
పెట్టాం. విడుదలకు పంపేశాం.
"మీ అత్తను అడిగినావా?"
"అడుగుతా."

ఏప్రిల్ 18, శనివారం
ఎట్లా రాయాలి.
అమ్మకు వినిపించాలని వంటింట్లో స్పీకర్ పెట్టాను. ఉల్లిగడ్డ కోస్తూ ముందు తలూపింది. గొంతు రాగానే కత్తి ఆగింది.
"బంద్ చెయ్."
చేశాను.
"ఇంట్ల ఎవరు వోయిండ్రని పెట్టినవ్ గది?"
పాట కాదట. శోకమట. అత్తమ్మ భర్త మల్లేశం మామ పోయినప్పుడు, ఆయన్ను పండబెట్టిన కాడ అత్తమ్మ ఏడ్చిన ఏడుపు. ఎవరి మనిషికి వాళ్లే మాటలు కట్టుకుని ఏడుస్తారట. ఒకరిది ఇంకొకరు ఎత్తుకోరట. మంచిగున్న ఇంట్లో నోట రానియ్యరట. అందుకే డాబా మీద. అందుకే ఒంటరిగా.
మామది సెంట్రింగ్ పని. సైటులో ఎండదెబ్బకు పడిపోయాడు. నేను అప్పుడు ఆరో తరగతి, నన్ను పక్కింట్లో ఉంచారు. పొద్దున కలిపిపెట్టిన సల్ల గ్లాసులో అట్లనే ఉండెనట.
దాన్ని ముప్పై రెండు సార్లు తిప్పాను. జనం ఎగరడానికి.

ఏప్రిల్ 19
రెండింటికి డ్యూటీ దిగుతుందని టవర్ గేటు దగ్గర నిలబడ్డాను. అత్తమ్మ నలుగురు ఆడవాళ్లతో వచ్చింది. "ఏం కోడలా, గింత ఎండల వచ్చినవ్. ఎవడన్న ఉన్నడా ఏంది ఈ బిల్డింగుల?" అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. సగం కీరకాయ ఇచ్చింది. తిన్నాను. చెప్పకుండానే వచ్చేశాను.

ఏప్రిల్ 20
చెప్పలేదు. వెనక్కి తీసుకోవాలంటే బుధవారమే ఆఖరు, అంది స్వప్న.

ఏప్రిల్ 21
చెప్పాను. టవర్ గోడ నీడన కూర్చోబెట్టి, ఇయర్‌ఫోన్లు ఆమె చెవుల్లో నేనే పెట్టాను. మొత్తం విన్నది. ముఖంలో ఏమీ కనబడలేదు.
"దొంగతనంగ పట్టినవా?"
"అవును అత్తమ్మా."
చీర కొంగుతో ఇయర్‌ఫోన్లు తుడిచి ఇచ్చింది. తిడితే బాగుండు అనిపించింది.
"గాడనే తిప్పుతున్నవేందే. సల్ల కాడ్నే ఆగవెడితివి. ముంగటికి వోనియ్యవా నన్ను?"
ఇయర్‌ఫోన్లు జేబులో పెట్టుకున్నాను.
"ఏడుపుకు కడ ఉంటది బిడ్డా. కడ దాక ఏడ్సి మొకం కడుక్కుంటం. ఇగ లేసి పనికి వోతం. నువ్వు నన్ను మొకం కడుక్కోనిస్తలేవు."
సరే అనలేదు, వద్దు అనలేదు. రేపటి సెలవు ఇంకో ఆమెకు ఇచ్చిందట. "రేపు కాదు, వచ్చే బుధారం. ఇంట్ల మాత్రం వద్దు. కడ దాక వస్తదో సూస్త. గప్పుడు పట్టుకో." లేచి నాలుగడుగులు వేసి ఆగింది. "ఎనిమిదేండ్లాయె. కడ యాదికున్నదో లేదో."
కడ. ఇది సార్ నేర్పని మాట.

ఏప్రిల్ 22, బుధవారం
వెనక్కి తీసుకున్నాను. ఆల్బమ్ మొత్తం.
"ఆ ఒక్కటీ తీసేసి ఆరూ వదలొచ్చు కదమే?"
పొడిగా ఉన్నాయి అన్నాను. స్వప్న సంచి తగిలించుకుని వెళ్లిపోయింది. పది రోజులు గీసిన బొమ్మ. ఆమె కోపం న్యాయమే.

ఏప్రిల్ 24, శుక్రవారం
ఆల్బమ్ ఇవాళ రావాలి. కాలేజీలో ముగ్గురు అడిగారు. "వస్తది" అన్నాను. అబద్ధమో కాదో నాకే తెలియదు.

ఏప్రిల్ 26
డాబా కుదరదు. కింద ఓనరమ్మ కోడలికి నెలలు నిండాయి, ఆమె చెవిన పడకూడదు. గోపన్‌పల్లి వైపు తిరిగొచ్చాను. ఏ ఇంటికీ వినబడని చోటు కావాలి. అన్నీ అపార్ట్‌మెంట్లే, అన్ని బాల్కనీల్లో బట్టలే. చివరికి సగం పగలగొట్టి వదిలేసిన గుట్ట ఒకటి దొరికింది. మనసారా ఏడవడానికి ఇంత పెద్ద ఊళ్లో ఒక్క గుట్ట.

ఏప్రిల్ 28
యాదికి రాకపోతే? వచ్చి, వద్దంటే? వచ్చి, నేను మళ్లీ కత్తిరిస్తే?

ఏప్రిల్ 29, బుధవారం, పొద్దున
గుట్ట మీద. స్వప్న కూడా వచ్చింది, దూరంగా కూర్చుంది, నాతో మాట్లాడలేదు. ఆటో దిగగానే అత్తమ్మ అడిగిన మొదటి మాట, "మొకానికి నీళ్లు తెచ్చినవా?"
రెండు సీసాలు తెచ్చాను.
బండ మీద ఫోను పెట్టి రికార్డు నొక్కాను. ఈసారి ఆమె చూస్తుండగా. చీర కొంగు నడుముకు చుట్టుకుని కూర్చుంది. "యాడి దాక వచ్చినం?" అంది.
"సల్ల కాడికి అత్తమ్మా."
కళ్లు మూసుకుంది. పెదవులు కదులుతున్నాయి, గొంతు రావడం లేదు. చేతులు ఊరికే ఉండలేక ఇది రాస్తున్నాను.
పదకొండు నిమిషాలు. గాలి మాత్రమే పడుతోంది. ఆపాలో వద్దో.
పన్నెండు. సీసా మూత తీసి అత్తమ్మ చేతికి అందేలా పెట్టాను.