కల్లు కంపౌండ్ మీద ఇల్లు

12 మార్చి 1989, లక్సెట్టిపేట
కొత్త ఇంట్లో దిగాం. ఈ ప్లాట్‌లో ఇదివరకు కల్లు కంపౌండ్ ఉండేదట. ఉంటే ఉండనీ. మా ఆయన సుదర్శన్‌రావు కల్లు వాసనకే మొహం తిప్పుకునే మనిషి.

15 మార్చి
వంటింటి మూలన ఫ్లోరింగ్ ఆరడం లేదు. పైగా పుల్లటి కల్లు వాసన. మేస్త్రీని పిలిపించి చెడామడా తిట్టాను. నా తప్పేం లేదమ్మా, గీ జాగనే గట్ల అని గొణుక్కుంటూ పోయాడు.

20 మార్చి
పక్కింటి శంకరవ్వను అడిగాను. కంపౌండ్ పెట్టింది వాళ్ల మామ అంతయ్యట. తాటిచెట్టు మీంచి పడి పోయాడు. తర్వాత ఆయన పెద్దకొడుకు బుచ్చిరాములు నడిపాడు. ఓ పొద్దున గోదారి దిక్కు నడుచుకుంటూ పోయి మళ్లీ రాలేదు. చివర్లో ఆమె భర్త రాజయ్య. ఆయన పోయాక అంతా కూలగొట్టారు.
రోజూ దుకాణం తెరవగానే, ముందు నడిపి పోయినవాళ్ల పేరు చెప్పి మొదటి ముంత కల్లు ఇప్పుడు మా వంటిల్లున్న ఆ మూలన నేల మీద పోసేవారట. సాక పోయడం అంటారు. మా ఆయన పోయినంక ఒక్కలు పొయ్యలే బిడ్డా, గొంతులెండి తిరుగుతున్నరు అంది.
అక్కడ నవ్వాను. ఇంటికొచ్చాక నవ్వు రాలేదు.

2 ఏప్రిల్
ఎవరో పిలిచినట్టు మా ఆయన పట్టపగలే లేచి ఆ మూల దాకా వెళ్తున్నారు. ఏమిటండీ అంటే ఏం లేదంటారు. చిక్కిపోయారు. భయంగా ఉంది. ఈ మనిషి తప్ప నాకెవరున్నారు?

7 ఏప్రిల్
నేనే బతిమాలాను, ఒక్క ముంత పోసేస్తే పోయేదేముంది అని. ముగ్గురి పేర్లూ చెప్పి పోశారు. సాయంత్రానికి నేల ఎండింది. హమ్మయ్య.

8 ఏప్రిల్
చెబితే శంకరవ్వ సంతోషిస్తుందనుకున్నాను. నెత్తి మీద చెయ్యి పెట్టుకుంది. సాక ఎవలు వడితే వాళ్లు పొయ్యరు బిడ్డా, పోసినోనిదే దుకాణం అంది. ఆ ముక్క ముందే ఏడవచ్చుగా అని అరిచాను. నువ్వడుగలే కదా అంది.

21 ఏప్రిల్
ఆయన ఆఫీసుకు పోవడం లేదు. పొద్దు వాలగానే పెరట్లో నీళ్లు చల్లి ఖాళీ ముంతలు వరసగా పెడుతున్నారు. జర ఆగుండ్రి, అందరికి వస్తది అని బుజ్జగిస్తున్నారు. అక్కడ ఎవరూ లేరు. ఇన్నేళ్ల కాపురంలో నాతో ఒక్కసారైనా అంత ఆప్యాయంగా మాట్లాడలేదు. ఒళ్లు మండింది. తర్వాత ఏడ్చాను.

3 మే
బట్టలు సర్దాను. మంచిర్యాలలో మా అన్న ఇంటికి పోదాం, లేవండి అని చెయ్యి పట్టుకుని లాగాను. గిరాకి వచ్చే యాళ్ల ఎట్ల వస్త అని విడిపించుకున్నారు. చెయ్యి చల్లగా ఉంది.
ఒక్కదాన్నే బస్టాండ్ దాకా పోయి, తిరిగొచ్చాను.

4 మే
ఆయన నన్ను చూసి నవ్వారు. కొత్తగ వచ్చినవా చెల్లె, ఆడోళ్లు గా గోడ దిక్కు కూసుంటరు అన్నారు.
వెళ్లి కూర్చున్నాను. గోడ పక్కన ఆడవాళ్లు కాస్త జరిగి చోటిచ్చారు.