మనిషికి మనిషి ముయ్యి

నల్లమాడ మండలంలో కాపురముండే కీ.శే. హనుమంతప్ప భార్య తిప్పమ్మ అను నేను, పూర్తి తెలివితో, ఎవరి బలవంతమూ లేకుండా రాయించిన వీలునామా. తెలివిగా ఉండానని ఊరికే రాయించలేదు. మతి తప్పడం, మతి కుదరడం మా ఇంట్లో రెండూ చూసినాం. నా కొడుకు విజయభాస్కరుకు లేని గొంతులు వినపడే జబ్బు. మందులు వాడతాండాడు, నిమ్మళంగా ఉండాడు.

1. నా కష్టార్జితంతో కొన్న మూడెకరాల మెట్టచేను, ఇల్లు సర్వహక్కులతో భాస్కరుకే చెందవలెను. వాని పేరునే. ఇంకొకరి చేతికింద కాదు.

2. నా మరిది మారెప్పకు ఎద్దుల పలుపు. జబ్బు మొదలైనప్పుడు నా బిడ్డను కొట్టంలో దాంతోనే కట్టేసినాడు. పిచ్చోనికి చేనెందుకు, నా పేరున రాయమని మొన్న గూడా అడిగినాడు. రాసేవాడు ఈ మాట వద్దంటాండాడు, రాయమన్నా. ఏమప్పా మారెప్పా, పలుపు నీదే, తీసుకుపో.

3. ఆ కొట్టం ముయ్యి ఇండ్లోళ్లందరికీ. చెనిక్కాయలు పెరికేటప్పుడు కూలి లేకుండా ఒకరి చేన్లో ఒకరం చేసుకునేదే ముయ్యి. బిడ్డను వదిలి కదల్లేక, కంటికి నిద్ర లేక నేను సచ్చిపోతాంటే పక్కింటి ఎలిజబెత్ వచ్చింది. ఆయమ్మ మొగునికీ మతి బాగలేదు. "అక్కా, ఈపొద్దు నీ కొడుకు కాడ నేను కూచుంటా, రేపు నా మొగుని కాడ నువ్వు కూచో" అనింది. ఆపొద్దు పడుకున్నదాన్ని సందకాడ లేసినా. అట్ల మొదలైంది. ఇప్పుడు పక్క పల్లెలనుంచి గూడా గురువారం గురువారం వస్తాండారు. వాళ్లవాళ్లను మా కాడ వదిలి పెండ్లిండ్లకు గూడా పోయొస్తాండారు. ఏ దయ్యం పట్టిందని ఆడ ఎవరినీ అడగకూడదు.

4. ఎలిజబెత్‌కు నా స్టీలు క్యారియరు. అనంతపురం ఆసుపత్రికి పోయినప్పుడల్లా ఇద్దరం దాంట్లోనే తిన్యాం. ఈ వీలునామా అమలు చేయవలసింది ఆయమ్మే.

5. నా తర్వాత నా కొడుకును ఎవరు చూస్తారనే దిగులు నన్ను శానా ఏండ్లు తినింది. ఇప్పుడు లేదు. మా ఇంట్లో ఉంటాడంటే మా ఇంట్లో ఉంటాడని ముయ్యి ఇండ్లోళ్లు కొట్లాడుకుంటాండారు. వాడు యాడికీ రానంటాడు. ముయ్యిలో ఉండే గంగాదేవి వాళ్ల నాయనకు మతిమరుపు, ఆయప్ప కాడ కూచునే వంతు వానిదంట. గెలిచినా నేను.

మారెప్ప కోర్టుకు పోతే పోనీ. జడ్జీగారు ఈ కాగితం కిందిదాకా చదివితే చాలు. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించవలెను, మందులకు చెయ్యి వణుకుతాది. అంతా చదివించుకొని, ఒప్పుకొని వేలిముద్ర వేసినా.

2025 జులై 17, గురువారం

తిప్పమ్మ, ఎడమచేతి బొటనవేలి ముద్ర

సాక్షులు: జయరాజు, అంగడి
సువార్త, ఆశా కార్యకర్త

దస్తూరి: హెచ్. విజయభాస్కర్, కొడుకు